మంచము ప్రక్కన రెండు గంటలు

(ఇండ్లలో మంచమునబడియున్న రోగులకు సేవచేయగోరు స్వచ్ఛంద సేవకుల శిక్షణ తరగతుల ప్రారంభ సభలో సమాచార శాఖాధికారి యొకరు చేసిన ప్రసంగ పాఠము)



ఈ శిక్షణ తరగతులను గురించి నిన్న సాయంకాలము పంచాయతీ కార్యాలయము ముందర నేను చెప్పుచుండగా ఒక పెద్దమనిషి లేచి సూటిగా ఒక ప్రశ్న వేసినారు. "అయ్యా! ఇక నయము కాదని డాక్టర్లే చెప్పి పంపిన మనిషి దగ్గర కూర్చుంటే అతనికి వచ్చేదేమిటి? కూర్చున్నవాడికి వచ్చేదేమిటి?" అని. అప్పటికి నాకు తోచిన సమాధానమేదో చెప్పితిని. రాత్రి పడుకొనిన తరువాత ఆ సమాధానము నాకే చాలలేదు. ఆ పెద్దమనిషి నేడు ఈ సభలో ముందువరుసలోనే కూర్చుండియున్నారు. కావున నా యీ ప్రసంగము ఆయనకు బాకీపడిన సమాధానమని మీరు భావింపవచ్చును.

మా నాయనగారి మంచము

నేను పల్లెటూరివాడనే. మా నాయనగారు ఐదెకరముల మాగాణి సేద్యము చేసినవారు. చిన్ననాటినుండి చుట్ట అలవాటు. అరువదియారవ ఏట నోటిలో పుండు లేచినది. అది క్యాన్సరని తేలునప్పటికే వ్యాధి ముదిరిపోయినది. పట్టణములోని ఆసుపత్రిలో నాలుగు నెలలు వైద్యము చేసి, "ఇక మేము చేయవలసినది లేదు, ఇంటికి తీసికొనిపొండు" అన్నారు. నొప్పికి ఏమి చేయవలెనో ఎవరును చెప్పలేదు. అడుగవలెనని మాకును తోచలేదు.

ఆ తరువాత వారు డెబ్బది రెండు దినములు జీవించినారు. అందులో నేను ఇంటనున్నవి పందొమ్మిది దినములు. ఉన్న దినములలోను ఎక్కువసేపు అరుగుమీద, పరామర్శకు వచ్చినవారితో గడపితిని. లోపలికి పోయి మంచము ప్రక్కన కూర్చుండుటకు నాకు భయము. ఏమి మాటలాడవలెనో తెలియదు. జబ్బు పేరు వారికి చెప్పక దాచితిమి. వారికి తెలియునని మాకు తెలియును. అయినను ఉభయులమును తెలియనట్లే నటించితిమి. ఒకనాడు వారు నా చేయి పట్టుకొని, "కాసేపు కూర్చోరా" అన్నారు. అంతలో ఫోను మ్రోగినది. ఇప్పుడే వచ్చెదనని లేచిపోతిని. ఆ ఫోను దేనిని గురించియో నేడు నాకు జ్ఞాపకము లేదు. ఆ మాట మాత్రము జ్ఞాపకమున్నది.

క్యాన్సరు అంటువ్యాధి కాదు. రోగిని తాకినను, ప్రక్కన కూర్చుండినను అది అంటదు. అయినను ఆ భయముతో ఇరుగుపొరుగువారు గుమ్మము దాటి లోపలికి రాలేదు. వచ్చినవాడు ఒక్కడే. మా పొలములో పూర్వము పాలేరుగా పనిచేసిన వృద్ధుడు. ప్రతి సాయంకాలము కాళ్ళు కడుగుకొని లోపలికి వచ్చెడివాడు. నాయనగారికి చేను కనబడునట్లు మంచమును కిటికీవైపు త్రిప్పినవాడు అతడే. తడిగుడ్డతో పెదవులు తుడిచినవాడు అతడే. కాలువకు నీరు వదలినారనియు, ఫలానావారి గేదె ఈనినదనియు నాలుగు కబుర్లు చెప్పి, పిదప ఏమియు మాటలాడక చీకటిపడువరకు కూర్చుండెడివాడు. అతనికి సంతకము చేయుట రాదు. నేను పట్టభద్రుడను. ఆ గదిలో ఏమి చేయవలెనో అతనికి తెలిసినది, నాకు తెలియలేదు.

ఒక కిటికీ కథ

ఆ వృద్ధుడు చేసిన పనికి నేడు ప్రపంచమున ఒక పేరును, ఒక శాస్త్రమును, ఒక శిక్షణయు ఏర్పడినవి. నయముకాని వ్యాధితోనున్నవారికి నొప్పిని, ఆయాసమును, పుండ్లను, మనోవ్యధను తగ్గించి, ఉన్నంతకాలము సుఖముగా నుండునట్లు చూచుటను ఉపశమన చికిత్స యందురు. పాలియేటివ్ కేర్ అనునది దీనికే పేరు. అట్టివారిని అంత్యదశలో ఉంచుకొని సంరక్షించు గృహమునకు హాస్పిస్ అని పేరు. ఈ మాటకు మూలము అతిథి యను అర్థముగల లాటిను పదము. పూర్వము ఐరోపాలో యాత్రికులకు బసనిచ్చు సత్రములను అట్లు పిలిచెడివారు. సత్రమనిన మనకు క్రొత్త గాదు. లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు వేళగాని వేళ వచ్చిన బాటసారికి గూడ అన్నము పెట్టినారని మన పిల్లలకు చెప్పుకొనుచున్నాము. నేను చెప్పు బాటసారి మన ఇంటిలోనే, మన వీధిలోనే ఉన్నాడు. అతని ప్రయాణము దగ్గరపడినది. అంతే భేదము.

ఆధునిక హాస్పిస్ ఉద్యమమునకు మూలమైన మహిళ ఇంగ్లండు దేశస్థురాలైన సిసిలీ సాండర్స్. 1918లో జన్మించినారు. రెండవ ప్రపంచయుద్ధకాలమున నర్సుగా శిక్షణ పొందినారు. వెన్నునొప్పి వలన ఆ పని విడిచి, ఆసుపత్రిలో రోగుల కుటుంబముల కష్టసుఖములు విచారించు ఉద్యోగమున చేరినారు. అక్కడ డేవిడ్ టాస్మా అను రోగితో పరిచయమైనది. ఆయన వార్సా నగరమునుండి వచ్చిన యూదుడు. పరాయిదేశమున క్యాన్సరుతో మరణశయ్యపైనున్నాడు. మరణించువారికొరకు ఎట్టి ఇల్లు ఉండవలెనో వారిరువురును మాటలాడుకొనెడివారు. 1948లో ఆయన మరణించుచు ఆమెకు 500 పౌండ్లు విడిచి, ఆమె కట్టబోవు ఇంటిలో తానొక కిటికీగా నుందునని చెప్పినాడు.

ఆ కిటికీచుట్టు ఇల్లు లేచుటకు 19 సంవత్సరములు పట్టినది. ఆమె ఉద్యోగము చేయుచునే, మరణాసన్నులను చేర్చుకొను ఒక శరణాలయమున స్వచ్ఛందముగా సేవచేసినారు. పిదప వైద్యవిద్య చదివి 1957లో డాక్టరైనారు. 1967లో లండనులో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను తెరచినారు. రోగి బాధ శరీరమునకు మాత్రమే చెందినది కాదు, మనస్సునకును, కుటుంబమునకును, ఆత్మకును చెందినదని ఆమె బోధించినారు. 2005లో తాను స్థాపించిన ఆ గృహమునందే కన్నుమూసినారు. మీరు గమనింపవలసిన విషయమొకటి కలదు. ఆమె ఈ పని డాక్టరుగా ఆరంభింపలేదు. మీవలె స్వచ్ఛంద సేవకురాలిగా ఆరంభించినారు.

కేరళ చూపిన దారి

మన దేశమున 1986లో ముంబయిలో శాంతి ఆవేదన సదన్ అను మొదటి హాస్పిస్ వెలసినది. కాని పల్లెలకు దారి చూపినది కేరళ. 1993లో కోళిక్కోడు వైద్యకళాశాలలో డాక్టర్ ఎం. ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ మున్నగువారు నొప్పి నివారణకు ఒక చిన్న సంఘమును నెలకొల్పినారు. త్వరలోనే వారికి ఒక సత్యము బోధపడినది. మంచము దిగలేనివాడు ఆసుపత్రికి రాలేడు. వచ్చినను డాక్టరు అతనికి ఇచ్చునది కొన్ని నిమిషములే. మిగిలిన దినమంతయు అతడు ఇంటిలోనుండును. ఇంటిప్రక్కనున్నది డాక్టరు కాదు, పొరుగువాడు.

కనుక 2000వ సంవత్సర ప్రాంతమునుండి మలప్పురము మున్నగు జిల్లాలలో ఇరుగుపొరుగు బృందములు ఏర్పడినవి. ఉపాధ్యాయులు, గృహిణులు, కూలిపని చేయువారు, విద్యార్థులు అందులో చేరినారు. వారమునకు కనీసము రెండు గంటలు ఇవ్వగలవారికి 16 గంటల పాఠములు, నాలుగు దినములు రోగులవద్ద అభ్యాసము, ఇదియే శిక్షణ. చిన్న చిన్న చందాలతో పని నడచినది. నర్సుతోపాటు సేవకులును రోగుల ఇండ్లకు పోయినారు. ప్రజలు చేసి చూపినదానిని ప్రభుత్వము 2008లో తన విధానముగా ప్రకటించినది. దేశములో అట్టి విధానమును ప్రకటించిన మొదటి రాష్ట్రమదియే. పిదప పంచాయతీలు ఈ బాధ్యతను స్వీకరించినవి. 2018లో డాక్టర్ రాజగోపాల్ గారిని భారత ప్రభుత్వము పద్మశ్రీతో గౌరవించినది.

మన తెలుగునాట గూడ ఈ పని లేకపోలేదు. హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో ఉపశమన చికిత్సా విభాగము కలదు. ఆ నగరమునందే 2011లో స్పర్శ్ హాస్పిస్ ప్రారంభమైనది. జాతీయ స్థాయిలో 2012లో ఒక కార్యక్రమము రూపొందినది. అయినను అవసరముతో పోల్చిన ఇది స్వల్పము. ప్రపంచమున ఏటేట 5 కోట్ల 68 లక్షలమందికి ఈ సేవ అవసరమనియు, అది అందుచున్నది నూటికి 14 మందికి మాత్రమేననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మా నాయనగారు మిగిలిన ఎనుబదియారుమందిలో ఒకరు.

నొప్పి మందును గురించి ఒక్క మాట. తీవ్రమైన క్యాన్సరు నొప్పికి నోటిద్వారా ఇచ్చు మార్ఫీన్ మంచి మందు. ఖరీదైనది కాదు. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము వలన అది దొరకుట దుర్లభమైనది. 2014లో ఆ చట్టమును సవరించి దారి కొంత సుగమము చేసినారు. డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పిన వేళకు వాడినయెడల అలవాటు పడిపోవుదురను భయము చాలవరకు నిరాధారము. దానివలన మలబద్ధము కలుగును. అందుకు వేరొక మందు గూడ డాక్టరు ఇచ్చును. "ఓర్చుకో" అని రోగికి చెప్పకుడు. "నొప్పికి మందున్నది, అడుగుదము" అని చెప్పుడు. ఆ రోజులలో మాకెవరైన ఈ ఒక్క వాక్యము చెప్పియుండిన ఎంత బాగుండెడిది!

మీరు చేయగల పనులు

మీ పని వైద్యము కాదు. మందు మీరు ఇవ్వరాదు, మార్చరాదు. అది డాక్టరుయొక్కయు, నర్సుయొక్కయు పని. మీ చేతులకు వేరే పని చాలినంత యున్నది.

కదలలేని రోగిని రెండేసి గంటలకు ఒకసారి ప్రక్కకు త్రిప్పవలెను. లేనిచో నడుమున, పిరుదులవద్ద, మడమలవద్ద పడక పుండ్లు లేచును. పుండు లేచిన తరువాత మాన్పుటకంటె లేవకుండ చూచుట సులభము. ప్రక్కగుడ్డ ముడుతలు లేకుండ, తడి లేకుండ ఉండవలెను. నోరు ఎండినచో తడి దూదితో పెదవులను, చిగుళ్ళను తడుపవలెను. చివరి దినములలో రోగికి ఆకలి తగ్గుట సహజము. ప్రేమతోనైనను బలవంతముగా తినిపింపరాదు, గొంతుకు అడ్డుపడవచ్చును. మాట పోయిన తరువాత గూడ వినికిడి నిలిచియుండవచ్చునని వైద్యులు చెప్పుదురు. కావున మంచమువద్ద ఆస్తి తగాదాలు, కర్మకాండ ఖర్చులు చర్చింపరాదు.

రోగిని కనిపెట్టుకొనియున్న ఇల్లాలిని గూడ చూడుడు. ఆమె ఎన్ని రాత్రులు నిద్రపోయినదో ఎవరును అడుగరు. "అమ్మా! రెండు గంటలు నేను కూర్చుందును, నీవు కాస్త నడుము వాల్చుము" అని చెప్పుట పెద్ద సేవ. పింఛను కాగితము వ్రాసి యిచ్చుట, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు కబురు చేయుట, పిల్లవానిని బడికి పంపుట, ఇవన్నియు సేవలే. కొందరు రోగులు క్యాన్సరువారు కారు. పక్షవాతము వచ్చినవారు, మూత్రపిండములు చెడినవారు, వార్ధక్యమున మతిమరపు వచ్చినవారు గూడ ఉందురు.

చేయరానివి మూడు కలవు. నయమగునని అబద్ధపు ఆశ చూపరాదు. ఆ ఇంటిలో విన్నది రచ్చబండవద్ద చెప్పరాదు. మన మతమును, మన పార్టీని ఆ గదిలోనికి తీసికొనిపోరాదు. నాలుగవది నావంటివారికి. ఫొటోలు తీయించుట నా వృత్తి. రోగి గదిలోనికి కెమెరా పోరాదు.

ఇక ప్రతిఫలమేమి?

పెద్దయ్యగారి ప్రశ్నలో సగమునకు సమాధానమైనది. రోగికి వచ్చునది తెలిసినది. కూర్చున్నవానికి వచ్చునదేమి? జీతము లేదు. ధ్రువపత్రము ఇత్తురు గాని దానివలన ఉద్యోగము రాదు. పుణ్యము లెక్క నాకు తెలియదు. నాకు వచ్చినది మాత్రము చెప్పెదను.

మా నాయనగారు పోయిన కొన్ని సంవత్సరములకు నగరములోని ఒక హాస్పిస్‌లో శిక్షణ పొంది, ఆదివారములు రెండు గంటలు పోవుచున్నాను. మొదటి ఆదివారము ఒక వృద్ధుని వద్ద కూర్చుండితిని. మాటలాడుటకే ప్రభుత్వము నాకు జీతమిచ్చుచున్నది గదా! ధైర్యము చెప్పితిని, దృష్టాంతములు చెప్పితిని, వాతావరణము చెప్పితిని. ఆయన అరగంట విని, "బాబూ, కాసేపు మాట్లాడకుండా కూర్చో నాయనా" అన్నారు. కూర్చుండితిని. కొంతసేపటికి ఆయనయే మాటలాడసాగినారు. తాను త్రవ్వించిన బావిని గురించి చెప్పినారు. ఇరువది సంవత్సరముల ఉద్యోగములో నేర్వని విద్య ఆనాడు నేర్చితిని. వినుట ఆ విద్య. నా భార్యయు, పిల్లలును ఆ మార్పును నాకంటె ముందు గమనించినారు.

రెండవది, ఒక వృద్ధురాలి సంగతి. గట్టు తగాదావలన ఆమెకును, తోడబుట్టిన అన్నకును పదునైదేండ్లుగా మాటలు లేవు. ఒక్కసారి చూడవలెనని ఆమె కోరిక. నేను ఫోను చేసితిని. వచ్చెదనని గాని, రానని గాని ఆయన చెప్పలేదు. ఆమె రెండు దినములు ద్వారమువైపే చూచినదట. ఆయన రాలేదు. తరువాతి ఆదివారము నేను తలవంచుకొని పోతిని. ఆమె నా ముఖము చూచి, "పోనీలే నాయనా, నేను పిలవలేదన్న మాట ఇక లేదు గదా" అన్నది. మన చేతిలోనిది ఎంతవరకో, కానిది ఎక్కడ మొదలగునో ఆ మాటతో నాకు కొంత బోధపడినది. ప్రతి కథయు సుఖాంతము కాదు. ఈ పనికి వచ్చువారు దీనికి సిద్ధపడి రావలెను. ఒక రోగి పోయినప్పుడు మనస్సు బరువెక్కును. అందుకే బృందముగా పనిచేయవలెను, ఆ బరువును బృందములో చెప్పుకొనవలెను. అలసినవారు కొంతకాలము విశ్రమించుటయు తప్పు గాదు.

మూడవది, భయము తగ్గుట. మృత్యువును అరుగుమీదనుండి చూచినప్పుడు అది భయంకరముగా నుండును. మంచము ప్రక్కనుండి చూచినవారికి అక్కడ కనబడునది ఒక మనిషి. నొప్పి తగ్గిన మనిషి, శుభ్రమైన ప్రక్కమీదనున్న మనిషి, చేయి పట్టుకొన్న మనిషి. శ్వాస నెమ్మదించును, ఎడము పెరుగును, ఆగును. నేనది చూచితిని. మొన్న వేసవిలో మా పెద్దమ్మగారు అవసానదశలో ఉన్నప్పుడు నేను అరుగుమీద కూర్చుండలేదు.

నాలుగవది ఊరికి వచ్చు ప్రతిఫలము. నేను చూచిన ఒక బృందములో ఎన్నికలలో చెరియొక పక్షమున పనిచేసిన యువకులిద్దరు కలరు. రోగిని ఎత్తి స్నానము చేయించుటకు ఇద్దరు కావలెను. తలవైపు ఒకడు, కాళ్ళవైపు ఒకడు. చేతులు కలియనిదే ఆ పని జరుగదు. వారు వాదములు మానినారని చెప్పను. కాని ఒకరి ఇంటికి మరొకరు పోవుచున్నారు.

మా నాయనగారి బాకీ దీనితో తీరినదా యని మీరడుగవచ్చును. తీరలేదు, తీరదు. ఆ మంచము ప్రక్కన నేను లేచిపోయిన స్థలము ఖాళీగానే యున్నది. ఇతరుల మంచములవద్ద కూర్చుండుట నేర్చితిని, అంతే. మీలో కొందరి ఇండ్లలో అట్టి మంచములు నేడే యుండవచ్చును. మీకింకను సమయము కలదు.

పెద్దయ్యగారూ! ఇది నా సమాధానము. చాలినదో లేదో మీరే చెప్పవలెను.

తరగతులు రేపు ఉదయము ఎనిమిది గంటలకు ఈ పాఠశాలలోనే ఆరంభమగును. చేరదలచినవారు పంచాయతీ కార్యదర్శివద్ద పేర్లు వ్రాయించవలెను. చదువు రానివారును చేరవచ్చును. స్త్రీలు తప్పక చేరవలెను. స్త్రీ రోగులకు వారి సేవయే కావలెను గదా. పాత నూలుచీర ఒకటి, శుభ్రముగా ఉదికి తెండు. రోగిని పొరలించుటకు, పడక సర్దుటకు అంతకంటె మెత్తని గుడ్డ లేదు.